అబ్బులు గారికి వేసిన దండ

రాజమండ్రి స్టేషన్లో అశోక్ ఒక చేత్తో అట్టముక్క, ఇంకో చేత్తో బారెడు గులాబీల దండ పట్టుకుని నిలబడ్డాడు. అట్ట మీద ‘శ్రీదుర్గ ఎలక్ట్రికల్స్, సామర్లకోట’ అని ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసుంది. వర్షాకాలం కదా, సన్నగా తుంపర పడుతోంది. ‘సామర్లకోట’లో ‘ట’ అప్పటికే కారిపోయి కిందకి జారుతోంది.

అశోక్ వరుణధార మోటార్స్‌లో సేల్స్ ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఆవేళ మెయిన్ రోడ్డు హోటల్లో కంపెనీ డీలర్ల సమావేశం. రెండు జిల్లాల్లోనూ అందరికంటే ఎక్కువ వ్యవసాయ మోటార్లు అమ్మిన శ్రీదుర్గ ఎలక్ట్రికల్స్ యజమానికి సన్మానం. మేనేజర్ వీరబ్రహ్మం గారు పొద్దున్నే పిలిచి మరీ చెప్పారు.

“అశోకూ, ఆ పార్టీ మీద వేరే కంపెనీ వాళ్ళు కన్నేశారు. మన చెయ్యి జారిపోకూడదు. రైలు దిగిన దగ్గర్నుంచి పెళ్ళివారిని చూసుకున్నట్టు చూసుకోవాలి.”

“అలాగే సార్. ఆయన ఎలా ఉంటారు సార్?”

“నేను మాత్రం చూశానా? ఈ ఏరియాకి నేనూ కొత్తే కదా. అంత పెద్ద పార్టీ అంటే పెద్దమనిషిలాగే ఉంటార్లే!”

ఆ ఒక్క మాట పట్టుకుని అశోక్ పెద్దమనిషి కోసం చూస్తున్నాడు.

పాసింజరు ఆగింది. దిగినవాళ్ళలో నీలం చుడీదార్ వేసుకున్న ఒక అమ్మాయి సరాసరి అశోక్ దగ్గరికి వచ్చింది. నుదుటి మీద పడ్డ చినుకుల్ని వేలితో తుడుచుకుంటూ బోర్డు చదివింది. నవ్వింది. ఆ నవ్వుకి మామూలు రోజుల్లో అయితే అశోక్ ఓ వారం పాటు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. కానీ ఆవేళ డ్యూటీలో ఉన్నాడు.

“నమస్తే అండి. నేనే...”

“ఏవండీ, కొంచెం పక్కకి జరుగుతారా? మా పార్టీ దిగాలి. మీరు అడ్డం ఉంటే బోర్డు కనపడదు.”

“బోర్డు చూసే వచ్చానండి. శ్రీదుర్గ...”

“ఆ, శ్రీదుర్గ ఎలక్ట్రికల్సే. మీ మోటారుకేమన్నా రిపేరొస్తే కొట్లోనే చూపించుకోవాలండి. ఇవాళ మాకు మీటింగు. ప్లీజ్!”

ఆ అమ్మాయి మొహంలో నవ్వు ఫ్యూజు పోయినట్టు టక్కున ఆరిపోయింది. నాలుగడుగులు జరిగి పుస్తకాల స్టాలు పక్కన నిలబడింది.

అప్పుడు దిగాడు అసలైన పెద్దమనిషి. గంజి పెట్టిన తెల్లపంచె, పట్టు లాల్చీ, కందిరీగ కూడా వాలడానికి జంకే మీసం. ఆయన కూడా ఎవరి కోసమో వెతుక్కుంటున్నాడు. అశోక్ చేతిలో బోర్డు చూశాడు. కళ్ళజోడు లేకపోవడంతో ‘దుర్గ’ అన్న ముక్క ఒక్కటే కూడబలుక్కున్నాడు.

“ఏం బాబూ, దుర్గ వాళ్ళ తాలూకేనా?”

“మీకోసమేనండీ!” అంటూ అశోక్ ఆయన మెళ్ళో దండ వేసేశాడు.

“ఆయ్! ఇదంతా దేనికి బాబూ? మనిషిని పంపుతామన్నారు గానీ...”

“మీ స్థాయికి ఇది చాలా తక్కువండి.”

“సంబంధం అంటే ఇలాగుండాలి,” అన్నాడు పెద్దమనిషి, గులాబీలు వాసన చూసుకుంటూ.

“సంబంధాలే ముఖ్యం అంటారండి మా మేనేజర్ గారు కూడా!”

విషయం ఏమిటంటే, ఆ పెద్దమనిషి పేరు అబ్బులు గారు. గొల్లప్రోలు దగ్గర రైతు. కొడుక్కి రాజమండ్రి దానవాయిపేటలో దుర్గ అనే అమ్మాయి ఉందంటే చూడ్డానికి బయల్దేరాడు. పిల్ల తండ్రి మనిషిని స్టేషన్‌కి పంపుతానన్నాడు. ఆ మనిషి ఆ నిమిషంలో స్టేషన్ బయట వానకి టీకొట్టు కింద ఆగిపోయాడు.

ఇక నీలం చుడీదార్ అమ్మాయి పేరు శ్రీదుర్గ. శ్రీదుర్గ ఎలక్ట్రికల్స్ యజమాని ఆవిడే. తండ్రి చిట్టియ్య గారు కూతురు పుట్టినప్పుడు కొట్టు పెట్టి, కూతురి పేరే పెట్టాడు. మోకాళ్ళు మొరాయించాక కొట్టు మొత్తం కూతురికే ఇచ్చేశాడు.

స్టాలు పక్కన నిలబడి శ్రీదుర్గ అంతా చూసింది. ‘ఏవండోయ్, అది నా దండ!’ అని అరవడానికి నోరు తెరిచింది కూడా. కానీ ‘పక్కకి జరుగుతారా’ గుర్తొచ్చి మూసేసుకుంది. అశోక్ ఆయన్ని కంపెనీ అంబాసిడర్ కారెక్కిస్తుంటే, తనూ బయటికొచ్చి ఆటో ఎక్కింది.

“ఆ అంబాసిడర్ వెనకాలే పోనీ బాబూ. ఎంతదూరం పోతుందో చూద్దాం.”

హోటల్ హాలు డీలర్లతో నిండిపోయింది. శ్రీదుర్గ ఆఖరి వరసలో కూర్చుని, తాపేశ్వరం కాజా ప్లేటు ఒళ్ళో పెట్టుకుంది. సినిమాకి వచ్చినట్టే ఉంది ఆవిడకి.

వేదిక మీద అబ్బులు గారికి పట్టుశాలువా కప్పారు. చేతికి చెక్కపీట మీద బిగించిన చిన్న ఇత్తడి మోటారు బొమ్మ ఇచ్చారు. ఆయన దాన్ని తిప్పి చూసి పక్కనున్న అశోక్ చెవిలో, “మా పొలంలో బోరుందని కూడా కనుక్కున్నారన్నమాట! గట్టివాళ్ళే బాబూ!” అన్నాడు.

“రెండు మాటలు మాట్లాడండి సార్,” అని వీరబ్రహ్మం గారు మైకు ఇచ్చారు.

అబ్బులు గారు మీసం సవరించుకున్నాడు.

“అందరికీ నమస్కారం. నా పేరు అబ్బులండి. మీరింతమంది ఉంటారని నాకు తెలీదండి. కుటుంబం అంటే ఇలాగుండాలి!”

కంపెనీ వాళ్ళు ప్రతి మీటింగులోనూ ‘మనదంతా ఒక కుటుంబం’ అంటూనే ఉంటారు కాబట్టి డీలర్లంతా చప్పట్లు కొట్టారు.

“మాకు ఏ ఆశా లేదండి. పిల్ల బాగుంటే చాలు. మావాడు బుద్ధిమంతుడు. కాస్త నిద్రెక్కువ. దాచిపెట్టడం దేనికీ? ఇంతకీ అమ్మాయిని ఓసారి పిలిస్తే చూసుకుని వెళ్ళిపోతానండి. మళ్ళీ పాసింజరు అందాలి.”

చప్పట్లు కొట్టబోయిన డీలర్లు చేతులు దించేశారు.

“అమ్మాయేంటి?” అన్నారు వీరబ్రహ్మం గారు, పళ్ళ మధ్య నుంచి.

“దుర్గండీ! ఆ పిల్లని చూడ్డానికే కదా నన్ను పిలిచారు?”

“వస్తున్నానండీ!” అని వెనకనుంచి వినపడింది.

శ్రీదుర్గ కాజా ప్లేటు కుర్చీలో పెట్టి, చేతులు రుమాలుతో తుడుచుకుని, మధ్యదారిలో నింపాదిగా నడిచి వచ్చింది.

“నా పేరు శ్రీదుర్గ. సామర్లకోటలో శ్రీదుర్గ ఎలక్ట్రికల్స్ నాదే. స్టేషన్లో మీ సేల్స్ గారు నన్ను పక్కకి జరగమన్నారు. జరిగానండి. జరుగుతూ జరుగుతూ ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాను.”

అబ్బులు గారు కళ్ళు చికిలించి చూసి, “ఫొటోలో పిల్ల వేరేగా ఉందే?” అన్నాడు మైకులోనే.

అశోక్‌కి కాళ్ళ కింద వేదిక లోపలికి దిగబడితే బాగుండుననిపించింది. వీరబ్రహ్మం గారు అతని చొక్కా వెనకనుంచి లాగి గుసగుసలాడారు.

“రైతుల తరఫున ఆయన్ని మనమే పిలిచామని చెప్పెయ్. ఆవిడ సన్మానం ఇప్పుడు మొదలవుతుందను. సరిపోతుంది!”

సరిపోయేదే. అశోక్ ఆ మాటే చెబుదామని మైకు అందుకున్నాడు. ఈలోగా అబ్బులు గారికి ఏదో తేడా తెలిసినట్టుంది. ఇందాకటి దర్జా అంతా పోయి, బిక్కమొహం వేసుకుని మెళ్ళో దండ తీయబోతున్నాడు. అది చూశాక అశోక్‌కి అబద్ధం నోట రాలేదు.

“ఉంచండి అబ్బులు గారూ, తీయకండి,” అన్నాడు. తర్వాత హాలు వైపు తిరిగాడు. “ఈ తప్పు నాదండి. శ్రీదుర్గ గారు నా ఎదురుగా నిలబడి ‘నేనే’ అన్నారు. ఓనరంటే మీసం ఉంటుందని నాకు నేనే అనేసుకుని, ఆవిడ మాట పూర్తిగా విననే లేదు. అబ్బులు గారు నిజమే చెప్పారు, అదీ నేను తిన్నగా వినలేదు. ఆయన పిల్లని చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి. ఆయనకి ప్రేమగా కప్పిన శాలువా ఆయనదే. శ్రీదుర్గ గారూ, మీకివ్వడానికి ఇప్పుడు నా దగ్గర దండ లేదు, శాలువా లేదు. క్షమాపణ ఒక్కటే ఉంది. క్షమించండి.”

ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

శ్రీదుర్గ మైకు లాక్కుంది. “ఆపండాపండి. నేనింకా క్షమించలేదు!”

హాలు గొల్లున నవ్వింది.

“ముందు ఈయన్ని ఆ పిల్లవాళ్ళింటికి చేర్చండి. పాపం, వాళ్ళు ఎంత కంగారు పడుతున్నారో! నేనూ వస్తాను. మిమ్మల్ని ఒక్కరినే నమ్మితే తీసుకెళ్ళి ఏ సెంట్రల్ జైలు దగ్గరో దింపేస్తారు.”

అంబాసిడర్‌లో ముందు సీట్లో అబ్బులు గారు, వెనక సీట్లో ఈ చివరన అశోక్, ఆ చివరన శ్రీదుర్గ. వాన జోరందుకుంది. వైపరు ఒకటే పనిచేస్తోంది, అదీ అబ్బులు గారి వైపు.

“మీరు బాగా మాట్లాడారు,” అంది శ్రీదుర్గ, కిటికీలోంచి బయటికి చూస్తూ. “కానీ ఇది మీ ఒక్కరి సంగతి కాదండి. మొన్న మీ కంపెనీ ఆయనే ఒకాయన కొట్టుకొచ్చి ‘నాన్నగారు లేరామ్మా?’ అన్నాడు. ఉన్నారు, వెనక గదిలో పేకాడుకుంటున్నారు అన్నాను. తిన్నగా లోపలికెళ్ళి స్కీములన్నీ నాన్నకి చెప్పాడు. నాన్న విని, ‘నాకెందుకు బాబూ, ముక్క వెయ్యి’ అన్నాడు.”

అశోక్‌కి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వడం లేదని చూసి ఆపుకున్నాడు.

“వచ్చే నెల నుంచి మీ కంపెనీ మానేద్దామనుకునే వచ్చానండి ఇవాళ. మీ ఎదురుగానే చెప్పి మానేద్దామని.”

వీరబ్రహ్మం గారైతే ఈపాటికి కారు ఆపించి కాళ్ళ మీద పడేవారు. అశోక్ మాత్రం తలూపాడు.

“మానేస్తే తప్పు లేదండి. నేనైనా అదే చేస్తాను.”

శ్రీదుర్గ మొదటిసారి తల తిప్పి అతన్ని పరీక్షగా చూసింది. “బతిమాలరా?”

“ముందు తప్పు దిద్దుకోవాలి కదండి.”

“అమ్మా,” అన్నాడు అబ్బులు గారు ముందు నుంచి. “మొగుడూ పెళ్ళాలు కార్లో గొడవపడకూడదమ్మా. ఇంటికెళ్ళి తీరిగ్గా పడాలి.”

“మేం మొగుడూ పెళ్ళాలం కాదండీ!” అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

“ఆయ్, సరేలెండి,” అన్నాడాయన, నమ్మకుండా.

దానవాయిపేటలో పిల్ల తండ్రి తడిసి ముద్దయి గుమ్మంలో తిరుగుతున్నాడు. దండతో, శాలువాతో దిగిన కాబోయే వియ్యంకుణ్ణి చూసి ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. అశోక్ అక్కడ కూడా జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇల్లంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. లోపల తలుపు చాటున పెళ్ళికూతురు దుర్గ నవ్వే అందరికంటే గట్టిగా వినపడింది.

“ఇలా నవ్వే పిల్లే కావాలండి మావాడికి. నిద్ర లేస్తాడు!” అని అబ్బులు గారు అక్కడికక్కడే ఖాయం చేసేసుకున్నాడు.

ఆ వారంలోనే అశోక్ కొత్త శాలువా కొనుక్కుని సామర్లకోట వెళ్ళాడు. శ్రీదుర్గ దాన్ని వేళ్ళతో తడిమి చూసి తిరిగిచ్చేసింది.

“ఈ ఉక్కలో శాలువా కప్పుకుని మోటార్లు అమ్మనా? నిజంగా తప్పు దిద్దుకోవాలనుందా మీకు?”

“ఉందండి.”

“అయితే ఆ స్టూలు మీద కూర్చోండి. వచ్చినవాళ్ళంతా మిమ్మల్నే ఓనరనుకుంటారు. కాదని ప్రతివాళ్ళకీ మీరే చెప్పండి.”

అదేమంత కష్టమనుకున్నాడు అశోక్. మధ్యాహ్నానికల్లా తెలిసొచ్చింది. ఎదురుగా బల్ల దగ్గర శ్రీదుర్గ నిలబడి ఉంటే, ఆవిణ్ణి దాటుకుని స్టూలు దగ్గరికే వస్తున్నారు అందరూ.

“బాబూ, అయిదు హెచ్‌పీ మోటారుందా?”

“ఓనరు గారు ఆవిడండి. ఆవిణ్ణి అడగండి.”

“అదే, మీరు చెప్తే ఆ అమ్మాయి తీస్తుంది కదా?”

“నేను చెప్పకూడదండి. కొట్టు ఆవిడది.”

సాయంత్రానికి అతని గొంతు బొంగురుపోయింది. లోవమ్మ అనే ఒక ముసలావిడ, మోటారు కాలిపోయి వరినారు ఎండిపోతోందని గాభరాగా వచ్చింది. శ్రీదుర్గ సంగతి వివరంగా అడిగి, కాలిన మోటారు తెప్పించడానికి మనిషిని పంపి, ఆ మోటారు బాగయ్యేదాకా వాడుకోమని కొట్లో మోటారు ఒకటి ఇచ్చి పంపింది. ముసలావిడ వెళ్ళబోతూ అశోక్ దగ్గర ఆగింది.

“ఆవిడ ఓనరైతే నువ్వెవరు బాబూ?”

“నేను తప్పు చేసినవాణ్ణండి,” అన్నాడు బొంగురు గొంతుతో.

శ్రీదుర్గ ఆపుకోలేక నవ్వేసింది. స్టేషన్లో ఆరిపోయిన నవ్వు కంటే ఇది ఇంకా పెద్దది. అశోక్ స్టూలు మీంచి లేవడం మర్చిపోయాడు.

“ఒక్కరోజుకే గొంతు పోయిందా?” అంది, మంచినీళ్ళు అందిస్తూ. “నేను ఆరేళ్ళ నుంచి చెప్తున్నానండి.”

“సారీ అండి.” ఆ మాట రాజమండ్రిలో మైకులో చెప్పినదానికంటే చిన్నదే. కానీ ఈసారి ఆవిడ, “పర్లేదండి,” అంది.

శ్రీదుర్గ కంపెనీ మానలేదు. అశోక్ ఏ లోడైనా ఆలస్యమయ్యేలా ఉంటే ఆవిడ అడగకముందే తనే ఫోన్ చేసి చెప్పేసేవాడు. కొత్తగా చేరే కుర్రాళ్ళకి మొదటి పాఠంగా తన దండ కథే చెప్పి, వాళ్ళు నవ్వాక, “అందుకని ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినండి,” అనేవాడు. వీరబ్రహ్మం గారు కూడా మెల్లగా ఆ కథ తనే కనిపెట్టినట్టు హైదరాబాద్ మీటింగుల్లో చెప్పడం మొదలుపెట్టారు.

అదేమిటో గానీ, అశోక్‌కి సామర్లకోటలో పనులు ఎక్కువైపోయాయి. స్టార్టర్ చూడాలని ఒకసారి, బోర్డు కొలత తీసుకోవాలని ఒకసారి. వచ్చినప్పుడల్లా వెనక గదిలోంచి చిట్టియ్య గారు, “ఎవరమ్మా?” అనేవాడు. “కంపెనీ ఆయన నాన్నా!” అనేది శ్రీదుర్గ. “మళ్ళీనా?” అని చిట్టియ్య గారి పేకాట బృందం నలుగురూ ఒకే గొంతుతో అనేవారు.

మరుసటి ఏడు ముసురు పట్టిన ఒక సాయంత్రం అశోక్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

“నాకు నిడదవోలు వైపు వేశారండి. వచ్చే వారం నుంచి ఇక్కడికి కొత్తాయన వస్తాడు. మంచివాడే. యజమాని మీరని పదిసార్లు చెప్పాను.”

శ్రీదుర్గ వైరు చుడుతున్న చెయ్యి ఆగిపోయింది. “అంతేనా చెప్పడానికొచ్చింది?”

అశోక్ నోరు తెరిచాడు. కరెంటు పోయింది.

కొట్టంతా చీకటి. బయట రేకుల మీద వాన దడదడలాడుతోంది.

“శ్రీదుర్గ గారూ, ఉన్నారా?”

“ఎక్కడికి పోతానండి? నా కొట్టే కదా ఇది!”

“ఒక మాట చెప్పాలండి. వెలుతుర్లో మీ మొహం చూస్తే అది గొంతులోంచి రాదు.”

“అయితే కరెంటు వచ్చేలోపు కానివ్వండి. వాళ్ళని నమ్మలేం, ఎప్పుడైనా ఇచ్చేస్తారు.”

“నాకు ఇక్కడ నిజంగా పనుండేది నెలకి ఒకసారేనండి. మిగతాసార్లు ఊరికే వచ్చాను. స్టార్టర్లనీ, కేటలాగులనీ...”

“ఒకే కేటలాగు నాలుగుసార్లు తెచ్చారు.”

“మీకు తెలుసాండి?”

“నాకు చదువొచ్చండి.”

అశోక్ లేచి ఓ అడుగు ముందుకేశాడు. దేన్నో తన్నుకున్నాడు. ప్లాస్టిక్ పైపులు బారులు బారులుగా దొర్లిన చప్పుడు.

“ఏమైంది?”

“ఏం లేదండి. పైపుల మీద కూర్చున్నాను.” కింద నుంచే వచ్చింది గొంతు. “మీరంటే నాకు చాలా ఇష్టమండి. మనం పెళ్ళి చేసుకుంటే బాగుంటుందనిపిస్తోంది. మీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి, రేపటి నుంచి నిడదవోలులోనే ఉంటాను. ఇష్టమైతే, కొట్టు మీదే, ఊరు మీదే, నేనే రోజూ పాసింజర్లో తిరుగుతాను.”

జవాబు వచ్చేలోపు అశోక్ మనసులోనే నిడదవోలుకి సామాను సర్దేసుకున్నాడు.

“మీ ట్రాన్స్‌ఫర్ మాట వినగానే నేనే అడుగుదామనుకున్నానండి,” అంది శ్రీదుర్గ మెల్లగా. “ఈలోపు కరెంటు పోయింది.”

“అంటే...?”

“అంటే ఇష్టమేనండీ! కింద నుంచి లేవండి ముందు.” గాజులు గలగలమన్నాయి. చీకట్లో వెతుక్కుంటూ వచ్చిన చెయ్యి అతని మోచేతిని పట్టుకుని పైకి లేపింది. లేపాక కూడా వదల్లేదు. “ఇంతకీ మా నాన్నకి ఎవరు చెప్తారు? మీరా, నేనా?”

“ఎవరూ చెప్పక్కర్లేదు,” అన్నాడు చిట్టియ్య గారు, తెర వెనక నుంచి. “చీకట్లో ముక్కలు కనపడట్లేదు. చెవులు బాగానే ఉన్నాయి.”

“అబ్బాయి మంచోడే చిట్టియ్యా!” అంది ఇంకో గొంతు.

“మొన్న మా మోటారు తనే దగ్గరుండి బాగుచేయించాడు,” అంది మరో గొంతు.

“గట్టిగా మాట్లాడకండ్రా, వాళ్ళేదో చెప్పుకుంటున్నారు!” అంది నాలుగో గొంతు, అన్నిటికంటే గట్టిగా.

కరెంటు వచ్చింది. తెర పక్కనుంచి నాలుగు తెల్లని తలకాయలు వరసగా బయటికొచ్చి ఉన్నాయి. శ్రీదుర్గ చెయ్యి వెనక్కి లాక్కుంది. చిట్టియ్య గారు కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చి, కూతురి మొహం కాసేపు చూశాడు. ఆ మొహంలో ఏం కనపడిందో, ఆయన కళ్ళు చెమర్చాయి.

“నీకు నచ్చాడు కదమ్మా?”

“నచ్చాడు నాన్నా.”

“అయితే ఇంకేం కావాలి?” అని అశోక్ భుజం తట్టాడు. “మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని మంచిరోజు చూసి రావయ్యా. వచ్చినప్పుడు వాళ్ళు మాట్లాడాల్సింది మాత్రం మా అమ్మాయితోనే. నేను ఆటలో ఉంటాను.”

ఆవేళ శ్రీదుర్గ కొట్టు తొందరగా కట్టేసింది. ఒక్క గొడుగు కింద ఇద్దరూ స్టేషన్ వైపు బయల్దేరారు. వాన వంకతో దగ్గరగా నడిచారు. వాన తగ్గాక కూడా గొడుగు ముడవలేదు.

దూరం నుంచి పాసింజరు కూత వేసింది. ఇద్దరికీ వినపడింది. అడుగు మాత్రం ఎవరూ వేగంగా వెయ్యలేదు.